లిఫ్టు మెకానిక్ మెట్లెక్కిన వైనం

ముప్ఫై ఒక్కేళ్ళపాటు లిఫ్టులు బాగుచేశాను. జనానికి మెట్లెక్కే బాధ తప్పించడమే నా వృత్తి. అలాంటివాణ్ణి లిఫ్టు లేని భవనంలో, అందులోనూ మూడో అంతస్తులో కాపురం పెట్టాను. ఇల్లు చూడ్డానికి వెళ్ళిన రోజు, "పొద్దస్తమానం లిఫ్టులతోనే చస్తున్నాను, ఇంటికొచ్చాక కూడా వాటి మొహం చూడాలా?" అని మా ఆవిడతో గొప్పగా అన్నానట. 'అన్నానట' అని ఎందుకంటున్నానంటే, నాకా సంగతి గుర్తులేదు. ఆవిడకు మాత్రం ఆ రోజు నేను వేసుకున్న చొక్కాతో సహా గుర్తుంది.

ఎక్కడైనా లిఫ్టు ఆగిపోయిందని కబురు వస్తే సంచీ భుజాన వేసుకుని వెళ్ళేవాణ్ణి. "ఎంతసేపు పడుతుందండీ?" అని కింద నిలబడ్డవాళ్ళు అడిగితే, "ఈలోగా మెట్లెక్కండి సార్, ఒంటికి మంచిది" అని ఒక సలహా పారేసి, నేను మేడ మీది మెషిన్ రూముకు పోయేవాణ్ణి. లిఫ్టును లాగే మోటారు ఉండే గది అది. రేకు తలుపు, గ్రీజు వాసన, బ్రేకు అరిగి రాలిన నల్లటి పొడి. అక్కడికి ఎవరూ రారు. పనిముట్ల పెట్టె మీద కూర్చుని తీరిగ్గా సిగరెట్టు వెలిగించేవాణ్ణి. అది అయ్యాక ఇంకొకటి. కిందికొచ్చి, "పెద్ద పనే పడింది సార్" అని చెమట తుడుచుకునేవాణ్ణి.

పెళ్ళయిన మూడో ఏట సిగరెట్లు మానేస్తానని మా ఆవిడకు మాటిచ్చాను. ఇంట్లో ఉన్నంతసేపూ ఆ మాట మీదే నిలబడ్డాను.

యాభై ఎనిమిదో ఏడు వచ్చేసరికి మా మెట్లు పెరగడం మొదలుపెట్టాయి. నాకు అలాగే అనిపించింది. అంతకుముందు ఒక్క ఊపులో ఎక్కేసే మెట్లు ఇప్పుడు ఎక్కుతున్నకొద్దీ వస్తూనే ఉండేవి. ఆయాసం అని ఒప్పుకోవడానికి మనసొప్పలేదు. అందుకని ప్రతి మలుపు దగ్గరా ఒక పని కల్పించుకున్నాను. మొదటి అంతస్తులో నీళ్ళ మీటరు దగ్గర వంగి అంకెలు చూసేవాణ్ణి. రెండో అంతస్తులో అద్దెదారుల నోటీసు బోర్డు చదివేవాణ్ణి. 'మెట్ల మీద సైకిళ్ళు పెట్టరాదు' అన్న ఆ ఒక్క నోటీసును ఎనిమిది నెలలు చదివాను. అది కూడా ఎబ్బెట్టుగా తయారయ్యాక, ఫోను చెవికి ఆనించుకుని, "ఆఁ... ఆఁ... సరే... అలాగే" అంటూ గోడకు జారగిలబడేవాణ్ణి.

ఒక రోజు అలా ఎవరితోనో చాలా ముఖ్యమైన విషయం మాట్లాడుతూ ఉండగా చెవి దగ్గరే ఫోను మోగింది. రెండో అంతస్తులో ఉండే ఆవిడ తన గుమ్మంలోనే నిలబడి ఉంది. ఆవిడ నన్ను చూసింది, ఫోనును చూసింది, మర్యాదస్తురాలు కాబట్టి లోపలికి వెళ్ళిపోయింది. ఫోనెత్తాను. మా ఆవిడ.

"ఏవండీ, ఎవరితో మాట్లాడుతున్నారు?"

"మన... మన కంపెనీ సూపర్‌వైజర్."

"సరే, ఆయన్ని కూడా తీసుకుని పైకి రండి. ఇక్కణ్ణించి కనిపిస్తూనే ఉన్నారు, మీరూ మీ సూపర్‌వైజరూ."

తలెత్తి చూస్తే మూడో అంతస్తు కటకటాల మీంచి వంగి నన్నే చూస్తోంది. ఆమె మొహంలో నవ్వు లేదు. మర్నాడే నన్ను ఆసుపత్రికి లాక్కెళ్ళింది.

అక్కడ ఒక గొట్టం నోట్లో పెట్టి ఊదమన్నారు. నర్సు పక్కనే నిలబడి "ఊదండి, ఊదండి, ఇంకా ఊదండి, ఇంకా, ఇంకా" అని పరుగు పందెంలో అరిచినట్టు అరిచింది. నేను కళ్ళు బైర్లు కమ్మేదాకా ఊదాను. నా లెక్క ప్రకారం ఆ మిషను బద్దలైపోవాలి. డాక్టరు కాగితం చూసి, "ఇంతేనా?" అన్నాడు.

తరవాత విషయం నిదానంగా చెప్పాడు. నా ఊపిరితిత్తుల్లో సాగే గుణం తగ్గిపోయిందట. గొట్టాలు ఇరుకైపోయాయట. పోయింది తిరిగి రాదు కానీ, ఉన్నదాంతో బాగా బతకొచ్చట. రోజూ పీల్చే మందు రాశాడు. ఆ మీదట కలం పైకెత్తి, "సిగరెట్లు?" అన్నాడు.

"పెళ్ళయిన మూడో ఏడే మానేశానండీ."

డాక్టరు నా కుడిచేతి వేళ్ళ వంక చూశాడు. మా ఆవిడ కూడా చూసింది. చూపుడు వేలూ మధ్య వేలూ పసుప్పచ్చగా మెరుస్తున్నాయి. నేను చెయ్యి తీసి జేబులో పెట్టుకున్నాను. ఆ జేబులోనే పెట్టె ఉంది, కరకరమని చప్పుడు చేసింది.

"వ్యాయామం క్లాసులో కూడా చేరండి, వారానికి రెండు రోజులు, ఎనిమిది వారాలు," అన్నాడు డాక్టరు.

"నడిస్తేనే ఆయాసమని వస్తే వ్యాయామం అంటారేంటండీ?"

"అందుకే," అన్నాడాయన, ఇంకో పేషెంటును పిలుస్తూ.

బయటికొచ్చాక మా ఆవిడ నాకంటే పది అడుగులు ముందు నడిచింది. బస్టాపు బెంచీ మీద కూర్చున్నాక నేనే నోరు విప్పాను.

"చొక్కాలకి వాసనొచ్చేది కదా... అదేమో మెషిన్ రూము వాసనని..."

"నాకు తెలీదనుకున్నారా?" అంది, రోడ్డు వైపు చూస్తూనే. "మానేశానని మీరంత మురిసిపోతుంటే చెడగొట్టడం ఎందుకులే అని ఊరుకున్నా." మళ్ళీ తనే, "ఊరుకోకుండా ఉండాల్సింది," అంది. ఆవిడ నన్ను తిట్టి ఉంటే నా దగ్గర పాతిక జవాబులు సిద్ధంగా ఉన్నాయి. పెట్టె తీసి బస్టాపు చెత్తబుట్టలో పడేశాను. ఆ తరవాత ఆ బుట్ట వంక మూడుసార్లు చూశానన్నది కూడా నిజమే. ఇలా మొదటి రోజే ధీరుణ్ణయిపోయానని చెప్పుకోవడానికి లేదు.

వ్యాయామం క్లాసు ఆసుపత్రి పాత భవనంలో, రెండో అంతస్తులో. పొడుగాటి గది, నీలం రంగు చాపలు, కదలని సైకిళ్ళు రెండు, నేల మీద పసుప్పచ్చ టేపుతో గీసిన నడక దారి. నేర్పేది ఫిజియోథెరపీ అమ్మాయి. మనిషి పిట్టంత, గొంతు మాత్రం స్టేషనులో రైలు వచ్చిందని చెప్పే మైకంత. అందరూ టీచరమ్మా అనే పిలిచేవాళ్ళు. మేం ఆరుగురం. అందరిలోకీ పెద్దాయన కోర్టులో గుమస్తాగా చేసి రిటైరైనవాడు, డెబ్భై దాటాయి. ఊపిరి తీసినప్పుడల్లా ఆయన ఛాతీలో రెండు మూడు స్వరాలు పలుకుతాయి. అందుకని ఆయనే తనకు హార్మోనియం అని పేరు పెట్టుకున్నాడు. "ఎడం పక్కది సా అంటే కుడి పక్కది పా అంటుంది తమ్ముడూ. రెంటికీ పడదు," అని పరిచయం చేసుకున్నాడు.

మొదటి రోజు పరీక్ష పెట్టారు. ఆరు నిమిషాల్లో పసుప్పచ్చ గీత వెంట ఎంత దూరం నడవగలమో చూడాలి. నా ముందు హార్మోనియం చెప్పులీడుస్తూ, పెదాలు సున్నాలా చుట్టి 'ఫూ' అంటూ, నడుస్తున్నాడో నిలబడ్డాడో తెలియనట్టు పోతున్నాడు. నాకంటే పన్నెండేళ్ళు పెద్దాయన వెనక నడవడమేమిటని దాటేశాను. ఇంకో చుట్టు కూడా దాటేశాను. రెండో నిమిషం చివర నాకు తెలిసిందేమిటంటే, గదిలో గాలి అయిపోయింది. కనీసం నా వంతుది అయిపోయింది. కుర్చీలో కూలబడ్డాను. టీచరమ్మ నా వేలికి, ఒంట్లో ఆక్సిజన్ ఎంతుందో చెప్పే క్లిప్పు తగిలించి అంకె చూసింది. అంతలో హార్మోనియం మా ముందునుంచి 'ఫూ' అంటూ ఒకసారి పోయాడు, మళ్ళీ ఒకసారి పోయాడు. ఆరు నిమిషాలూ అలా పోతూనే ఉన్నాడు.

"పోటీ ఎవరితో బాబాయ్ గారూ?" అంది టీచరమ్మ.

"ఎవరితో లేదమ్మా... బస్సు పట్టుకునే అలవాటు."

"ముందు ఊపిరి తీసుకోవడం నేర్పిస్తాను, రండి."

"అరవై ఏళ్ళుగా అదే పని మీదున్నానమ్మా."

"ఉన్నారు. తప్పుగా చేస్తున్నారు."

ఒక చెయ్యి ఛాతీ మీద, ఒక చెయ్యి పొట్ట మీద పెట్టుకోమంది. ఊపిరి తీస్తే కింది చెయ్యి కదలాలి, పైది కదలకూడదట. నాది తలకిందులు. పై చెయ్యి ఎగిరెగిరి పడుతోంది, భుజాలు చెవుల దాకా లేస్తున్నాయి. ఇన్నేళ్ళు కష్టపడి పెంచిన పొట్ట మాత్రం ఏమీ ఎరగనట్టు కూర్చుంది. "పొట్టకి కూడా కాస్త పని చెప్పండి బాబాయ్ గారూ," అంది. ముక్కుతో నిదానంగా పీల్చడం, రెండు లెక్కపెట్టేంతసేపు. పెదాలు ముడిచి, వేడి టీ మీద ఊదినట్టు వదలడం, నాలుగు లెక్కపెట్టేంతసేపు. ఇంతే విద్య. నేను మొదటిసారి వదిలితే పంచరైన టైరు చప్పుడొచ్చింది. ఎదురుగా ఉన్న టీచరమ్మ కళ్ళద్దాలు తుడుచుకుంది.

"అది ఊదడం కాదు, ఉమ్మడం," అంది.

కొవ్వొత్తి వెలిగించి ముందు పెట్టింది. మంట వంగాలి, ఆరకూడదు. నేను మూడుసార్లు ఆర్పేశాను. "ఇవాళ పుట్టినరోజు కాదు బాబాయ్ గారూ," అని మళ్ళీ వెలిగించింది. హార్మోనియం మూల కూర్చుని చప్పట్లు కొట్టాడు.

నా బాధ ఏమిటంటే, ఆయాసం వస్తే గాలి కావాలి. గాలి కావాలంటే పీల్చాలి. ఈ అమ్మాయేమో వదలమంటుంది. ఉన్న కాస్తా వదిలేస్తే ఇంకేం మిగులుతుంది? ఇదే అడిగాను.

"మీకు గాలి తక్కువై కాదు ఆయాసం. లోపల పాత గాలి ఇరుక్కుపోయింది. అది పోకముందే మీరు కొత్తది తోస్తున్నారు. ఎక్కడికి పోతుంది?" అంది.

కాసేపు ఆలోచించాను. "అంటే లోపలున్నవాళ్ళు దిగకుండానే బయటివాళ్ళు లిఫ్టులోకి తోసుకుంటున్నారన్నమాట."

టీచరమ్మ ఆగింది. "అదే. ఇన్నాళ్ళూ నేను బెలూనని చెబుతున్నా. ఇది బావుంది, ఇకనుంచి అందరికీ ఇదే చెబుతాను," అంది. ఆ మాటకు నాకెంత గర్వం వచ్చిందంటే, ఛాతీ పొంగించబోయి మళ్ళీ దగ్గొచ్చి వంగిపోయాను.

ఇంట్లో సాధన చేయించే బాధ్యత మా ఆవిడ తీసుకుంది. కూరలు తరుగుతూ లెక్కపెట్టేది. "ఒకటి, రెండు, పీల్చండి. ఒకటి, రెండు, మూడు, నాలుగు, వదలండి." నా మీద కోపం ఉన్న రోజు లెక్క కత్తితో పాటు పరిగెత్తేది. మంచి రోజుల్లో మరీ ప్రమాదం: 'మూడు' అన్నాక ఎవరో పిలిచారని బయటికి వెళ్ళి, కబుర్లాడి, తిరిగొచ్చి 'నాలుగు' అనేది. అంతదాకా వదులుతూ కూర్చునే అమాయకుణ్ణి నేను.

మెట్ల పద్ధతి వేరు. నిలబడి పీల్చాలి. ఊదుతూ రెండు మెట్లెక్కాలి. మళ్ళీ నిలబడాలి. బరువెత్తినా అంతే, ఎత్తేటప్పుడు వదలాలి కానీ ఊపిరి బిగపట్టకూడదు. నాకు పుట్టి బుద్ధెరిగాక బిగపట్టకుండా ఎత్తిన బరువు లేదు. నీళ్ళ బకెట్ ఎత్తుతూ 'ఫూ' అన్నానంటే ఎవరో నన్ను వెక్కిరిస్తున్నట్టుండేది. మెట్ల మీద ఆ చప్పుడు ఇంకా పెద్దగా వినిపించేది. ఒక మధ్యాహ్నం రెండో అంతస్తులో ఉండే ఆవిడ చీపురు తిరగేసి పట్టుకుని తలుపు కొంచెమే తెరిచి చూసింది.

"మీరా అన్నయ్యగారూ! పాము బుస కొడుతోందేమో అనుకున్నాను."

"రెండో అంతస్తులోకి పామెలా వస్తుందమ్మా?"

"అదే నేనూ అనుకున్నా, ఆగి ఆగి ఎక్కుతోందే అని," అంది.

ఒక్క సంగతి మాత్రం ఒప్పుకోవాలి. నెల తిరిగేసరికి నోటీసు బోర్డు చదవకుండా ఇంటికి చేరుతున్నాను.

ఐదో వారం, మంగళవారం పొద్దున. క్లాసుకు నేను మెట్లెక్కి వచ్చాను, అంటే మెట్లెక్కి వచ్చానని నలుగురికీ వినపడేలా చెప్పుకుంటున్నాను. అంతలో బయట గంట మోగడం మొదలైంది. ఆగి ఆగి మోగుతోంది. ముప్ఫై ఒక్కేళ్ళు విన్న గంట, నిద్రలో విన్నా గుర్తుపడతాను. లిఫ్టులో ఎవరో ఇరుక్కున్నారు.

వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చాడు. ఆరడుగుల మనిషి, మీసాలతో సహా రొప్పుతున్నాడు. "టీచరమ్మా, మీ పెద్దాయన! నాలుగో అంతస్తులో రిపోర్టు తీసుకుని దిగుతున్నాడు, మధ్యలో ఆగిపోయింది. ఒక్కడే ఉన్నాడు."

లిఫ్టు మూడో అంతస్తుకూ నాలుగో అంతస్తుకూ మధ్య నిలిచిపోయింది. కంపెనీకి ఫోను చేస్తే గంట పడుతుందన్నారట. ఆ జవాబు ఎవరు నేర్పారో నాకు బాగా తెలుసు; ఎన్నోసార్లు నేనే చెప్పాను. టీచరమ్మ అప్పటికే మూడో అంతస్తుకు పరిగెత్తింది.

"గంటసేపు ఎవరూ ఏమీ చెయ్యలేరా?" అంది మాతో క్లాసుకొచ్చే ఒకావిడ.

"చెయ్యొచ్చు. మేడ మీద మెషిన్ రూముంటుంది. కరెంటు ఆపేసి, బ్రేకు వదిలి, చేత్తో చక్రం తిప్పి లిఫ్టును దగ్గరి అంతస్తుకి తేవచ్చు. పని తెలిసినవాళ్ళు ఒకరు, బలమున్నవాళ్ళు ఒకరు ఉంటే చాలు," అన్నాను, పాఠం చెబుతున్నట్టు.

అందరూ నా వంక చూశారు. నేను కూడా నా వెనక ఎవరున్నారా అని తిరిగి చూశాను. గోడ ఉంది.

ఆ భవనానికి ఐదంతస్తులు; మేడ మీదికి క్లాసు దగ్గర్నుంచి నాలుగంతస్తులు ఎక్కాలి. అంతస్తుకు ఇరవై రెండు మెట్లు. ఆ నెలలో నా రికార్డు మా ఇంటి మూడంతస్తులు, అదీ మా ఆవిడ పైనుంచి లెక్కపెడుతుంటే. వాచ్‌మన్ను వెంట రమ్మని బయల్దేరాను. నిలబడి పీల్చాను. ఊదుతూ రెండు మెట్లెక్కాను. నిలబడ్డాను. వాచ్‌మన్ అప్పటికి పై మలుపు దగ్గరున్నాడు.

"రా అన్నా, తొందరగా!"

ఊదుతున్న మనిషి జవాబు చెప్పలేడు. చెయ్యి ఊపాను. అతను మేడ దాకా పోయి, నేను రాలేదని మళ్ళీ కిందికొచ్చాడు. "ఎత్తుకుని తీసుకుపోనా?" అన్నాడు. నిజంగానే వంగాడు కూడా. నేను తల అడ్డంగా ఊపాను. లోపల కాస్త ఆశ పుట్టిందని ఇప్పుడు చెప్పడానికి సిగ్గెందుకు?

మూడో అంతస్తు దాటుతుంటే టీచరమ్మ కనిపించింది. లిఫ్టు తలుపు ముందు మోకాళ్ళ మీద కూర్చుని, సందుకు మూతి ఆనించి మాట్లాడుతోంది. "వదలండి తాతగారూ... ఇంకా వదలండి... తొందరేం లేదు." లోపల్నుంచి హార్మోనియం ఊపిరి వినిపించింది. రెండు స్వరాలు కాదు, అన్నీ ఒకేసారి మోగుతున్నాయి. మధ్యలో, "అమ్మా, గాలాడట్లేదు," అన్న మాట.

ఆ మాట వినగానే నేర్చుకున్నదంతా గాలికిపోయింది. రెండేసి మెట్లు కాదు, ఆరు మెట్లు గబగబా ఎక్కేశాను. అంతే. ఛాతీ చుట్టూ ఎవరో తాడు కట్టి బిగించినట్టయింది. పీలుస్తున్నాను, ఏమీ రావడం లేదు. ఇంకా గట్టిగా పీల్చాను, ఇంకా రాలేదు. చెవుల్లో హోరు. ఆ క్షణంలో నేను ఏ గొప్ప విషయమూ ఆలోచించలేదు. ఇద్దరు రోగులం, ఒకే టీచరమ్మ, ఆవిడ ఆయన దగ్గరుంది అన్న ఒక్క ఏడుపే నాకు గుర్తుంది.

అప్పుడే కిందినుంచి ఆ మైకు గొంతు పైకి వచ్చింది. "ముక్కుతో... ఒకటి, రెండు. ఊదండి... ఒకటి, రెండు, మూడు, నాలుగు." హార్మోనియం కోసం పెడుతున్న లెక్క. నేను దాన్ని దొంగిలించాను. ముంజేతులు రెండూ మెట్ల పక్క కటకటాల మీద ఆనించి, ముందుకు వాలి, భుజాలు వదిలేసి, పెదాలు ముడిచాను. మొదటిసారి రెండుకే అయిపోయింది. రెండోసారి మూడు. నాలుగైదు సార్లయ్యాక నాలుగు అందింది. ఆవిడ లెక్కకు కింద ఆయనా పైన నేనూ, ఒకరికొకరం కనబడకుండా, కలిసి ఊదాం. తాడు వదులైంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. గట్టిగా ఊదితే అలా అవుతుందేమో, డాక్టర్నడగలేదు.

తరవాత ఇక ఎవరేమన్నా వినలేదు. నిలబడి పీల్చాను, ఊదుతూ రెండు మెట్లెక్కాను. ఒక నర్సు నన్ను దాటి ఎక్కి, పని చూసుకుని, నన్ను దాటి దిగిపోయింది. కట్టు కట్టిన కాలితో ఒకాయన కర్ర పొడుచుకుంటూ దాటిపోయాడు. పన్నెండు నిమిషాలకు మేడ మీదికి చేరాను. రేకు తలుపుకు తాళం వేసి ఉంది.

"తాళంచెవి?" అన్నాను.

"కింద ఆఫీసులో ఉంటుందన్నా."

"ఇందాకట్నుంచి అన్నిసార్లు ఎక్కి దిగావు కదయ్యా, ఒక్కసారైనా తేవొద్దా?"

"నువ్వడగలేదుగా!"

అతను మళ్ళీ దిగి పరిగెత్తాడు. అతణ్ణి బూతులు తిడదామనుకున్నాను కానీ, నిజానికి ఆ నాలుగు నిమిషాలు నాకు తాళంచెవి కంటే ఎక్కువ అవసరం. గోడకు వీపు ఆనించి కూర్చుని హాయిగా ఊదుకున్నాను. తాళంచెవి ముందే దొరికి ఉంటే నేను మెషిన్ రూములో బోర్లా పడేవాణ్ణి.

తలుపు తెరవగానే పాత వాసన వచ్చింది. మీటల పెట్టె మీద ఎవరిదో సిగరెట్ పెట్టె, అగ్గిపెట్టె ఉన్నాయి. దాన్ని తీసి కిటికీలోంచి విసిరేశానని చెబితే ఎంతో బాగుంటుంది. అసలు సంగతి, ముందు మెయిన్ స్విచ్ ఆపాలి. ఆ తరవాత నా రెండు చేతులూ బ్రేకు మీట మీద ఉన్నాయి. అందువల్ల గెలిచాను.

టీచరమ్మకు ఫోను చేసి, "లిఫ్టు కదులుతుంది, భయపడొద్దని చెప్పమ్మా. తలుపుకి ఆనుకోవద్దను," అన్నాను. వాచ్‌మన్ను చక్రం పట్టుకోమన్నాను. లోపలున్నది ఒక్క మనిషి, అదీ హార్మోనియమంత మనిషి. అవతల వేలాడే ఎదురు బరువు ఎక్కువ కాబట్టి బ్రేకు వదిలితే లిఫ్టు పైకే పోతుంది. కొద్దికొద్దిగా వదులుతూ, మోకు మీద వేసిన పసుప్పచ్చ రంగు గీత నాలుగో అంతస్తు గుర్తుకు సరిపోయేదాకా తెచ్చాం. బ్రేకు బిగించాను. గోడ మేకుకు వేలాడుతున్న లిఫ్టు తలుపు తాళంచెవి ఇచ్చి వాచ్‌మన్ను నాలుగో అంతస్తుకు పంపాను. పాపం, అతనూ 'ఫూ' అంటూనే దిగాడు.

నేను దిగి వెళ్ళేసరికి హార్మోనియం నాలుగో అంతస్తు వరండాలో కుర్చీలో, మోచేతులు మోకాళ్ళ మీద ఆనించి, ముందుకు వంగి ఊదుతున్నాడు. పక్కన ఆక్సిజన్ సిలిండరు తెచ్చి పెట్టారు, డాక్టరు నాడి చూస్తున్నాడు. మొహంలోకి రంగు వస్తోంది. నన్ను చూసి చెయ్యెత్తాడు. మాట రావడానికి చాలాసేపు పట్టింది.

"తమ్ముడూ... నువ్వు మెట్లెక్కుతున్నావని చెప్పింది టీచరమ్మ. ఎంతసేపటికీ రావు. లోపల నాకు... నీ గురించే బెంగ," అన్నాడు.

నవ్వబోయి ఇద్దరం దగ్గాం. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. చాలాసేపు వదల్లేదు. వేళ్ళు చల్లగా ఉన్నాయి.

టీచరమ్మ నా వేలికి క్లిప్పు తగిలించింది. అంకె చూసి, "మీ పీల్చే మందెక్కడ?" అంది.

"సంచీలో."

"సంచీ?"

"క్లాసులో."

ఆ తరవాతి క్లాసులో ఆవిడ నా మెట్లెక్కుడు గురించి అందరికీ పావుగంట పాఠం చెప్పింది. మందు లేకుండా బయల్దేరడం ఒకటో తప్పు. గాభరాపడి ఆరు మెట్లు పరిగెత్తడం రెండో తప్పు. వాచ్‌మన్ను పిలిచి అడిగిందట, బ్రేకు మీట లాగేటప్పుడు నేను ఊపిరి బిగపట్టానని కూడా చెప్పేశాడు. అది మూడోది. "ఆగి, వాలి, వదిలి మళ్ళీ బయల్దేరారు చూడండి, అదొక్కటీ నేర్చుకోండి," అంది చివర్లో. ఆ ఒక్క ముక్క కోసం మిగతాదంతా సంతోషంగా విన్నాను.

ఇంట్లో మా ఆవిడ కథంతా విని, కుర్చీ లాక్కుని కూర్చుంది. "అంత పైకి మీరొక్కరే ఎక్కారా? లెక్క పెట్టేవాళ్ళు లేకుండా?" అంది.

"టీచరమ్మ లెక్క కొంచెం అరువు తెచ్చుకున్నాను."

లేచి నా భుజం మీద చెయ్యి వేసి వంటగదిలోకి వెళ్ళిపోయింది. లోపల్నుంచి గొంతు వినిపించింది. "అయితే రేపట్నుంచి కూరగాయల సంచీ మీరే తెండి."

ఎనిమిదో వారం మళ్ళీ ఆరు నిమిషాల పరీక్ష పెట్టారు. మొదటి రోజు నూట ఇరవై మీటర్ల దగ్గర కూలబడ్డవాణ్ణి, ఈసారి మూడు వందల పది నడిచాను, కూర్చోకుండా. అందరికీ చెప్పుకుందామని అటు తిరిగితే హార్మోనియం మూడు వందల ఇరవై ఐదు నడిచాడట. డెబ్భై దాటిన మనిషి, లిఫ్టులో ఇరుక్కుని మూడు వారాలే అయింది. నడిచిన దూరం రాసిచ్చిన కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకోకుండా చేత్తో పట్టుకునే తిరిగాడు.

ఆ రోజు క్లాసయ్యాక ఇద్దరం కలిసి ఎదురుగా రోడ్డవతల టీ కొట్టుకు నడిచాం. దారి కొంచెం ఎత్తు. ఆయన నా పక్కనే 'ఫూ' అంటూ నడుస్తూ, పీల్చుకునే రెండు లెక్కల మధ్యలో ఎలా ఇరికిస్తాడో కానీ ఒక్కో మాట ఇరికిస్తున్నాడు.

"పదిహేను మీటర్లు... తమ్ముడూ... తక్కువేం కాదు."

నా దగ్గర మంచి జవాబు ఉంది. కానీ నేను వదిలే లెక్కలో ఉన్నాను, మూడు దగ్గర. నాలుగు అయ్యేసరికి పీల్చే లెక్క వచ్చింది. అది అయ్యేసరికి ఆయన రెండడుగులు ముందుకు పోయి, కొట్టువాడికి రెండు వేళ్ళు చూపించి, బెంచీ మీద ఎండ పడని వైపు కూర్చున్నాడు.